నా చెల్లెలి ముఖం కింద వయొలిన్లు

ఊపిరి ఇచ్చి, ఆ ఊపిరిలో పాట ఇచ్చి, పాట ఆగిపోయిన చోట కూడా మనిషిని విడిచిపెట్టని దేవునికి స్తోత్రం. తీగలో నాదం దాచినవాడు ఆయనే. గొంతు పూడుకుపోయినప్పుడు లోపలి మూలుగు వినేవాడూ ఆయనే. నేను రాయబోయేదాంట్లో సంతోషం తక్కువ. అయినా ఆయన పేరు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకపోవడం మా ఇంటి అలవాటు. మా అమ్మ బీడీల చేట ఒళ్లో పెట్టుకున్నాక కూడా ముందు స్తోత్రం చెప్పుకునేది, తర్వాతే కత్తెర పట్టుకునేది.

నేను వయొలిన్ నేర్చుకున్నది ఆర్మూర్‌లో మా క్రైస్తవ సంఘంలోనే. దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఆదివారం కూడిక అయ్యాక మమ్మల్ని బల్లల మీద కూర్చోబెట్టి, గీతల కాగితం మీది స్వరాలు చూసి వాయించడం నేర్పేవాడు. సినిమా చూడటం మంచిది కాదని మా ఇళ్లలో గట్టిగా చెప్పేవారు. చివరికి ఆ వయొలినే నన్ను సినిమాలోకి తీసుకుపోయింది. హైదరాబాద్‌లో రికార్డింగ్ థియేటర్లకు కాగితం చూసి తప్పు లేకుండా వాయించేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మా వంటి సంఘాల నుంచి చాలామంది పోయేవారు. పెళ్లికి ముందు కొన్నేళ్లు, పెళ్లయ్యాక కొన్నేళ్లు నేను అక్కడ వెనక వరసలో కూర్చుని వాయించాను.

ఆ పనిని రీరికార్డింగ్ అంటారు. సినిమా తీసి, కోసి, అతికించిన తర్వాత జరిగేది. చీకటి హాలులో ఎదురుగా తెర. బొమ్మ నడుస్తుంది, మాటలు వినిపిస్తాయి, సంగీతం మాత్రం ఉండదు. మా చెవుల్లో టిక్కు టిక్కుమని లెక్క నడుస్తుంది. కళ్లు కాగితం మీదే ఉండాలి. కాని వెనక వరసకు విరామాలు ఎక్కువ. ఆ విరామాల్లో నేను తల ఎత్తి తెర వైపు చూసేవాణ్ని. సంగీతం లేని సినిమాను అలా చూసినవాళ్లు తక్కువ. అందులో ఎవరూ మంచివాళ్లు కారు, చెడ్డవాళ్లూ కారు. మనుషులు నడుస్తారు, కూర్చుంటారు, అంతే.

ఒక రోజు ఒక సీను వచ్చింది. ఒక ఇల్లాలు పొయ్యి ముందు నిలబడి పాలు కాగడం చూస్తుంది. ఆమె ఏమీ చేయదు, ఏమీ అనదు. మ్యూజిక్ డైరెక్టరు మొదట మాతో పై తీగల మీద మెత్తగా ఒక పొడుగు స్వరం వాయించమన్నాడు. బొమ్మ మళ్లీ నడిపారు. ఆమె ఎవరి కోసమో ఎదురుచూస్తోంది, పాపం ఎంత ప్రేమో అనిపించింది. సినిమా డైరెక్టరుకు అది నచ్చలేదు. అప్పుడు చెల్లోలు, డబుల్ బాస్‌లు అనే పెద్ద వయొలిన్లు కింది స్వరం పట్టి మోగాయి. మమ్మల్ని కమాను మొనతో తీగ మీద సన్నగా వణికించమన్నారు. మళ్లీ అదే బొమ్మ, అదే ముఖం. ఈసారి ఆమె పాలలో ఏదో కలిపిందనిపించింది. నా పక్కన వాయించే ముసలాయన నా చెవి దగ్గరికి వంగి, "ఇగ గా పాలు ఎవడు తాగుతడో పాపం" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను కమాను జారవిడిచాను. మూడోసారి అందరినీ ఆగమన్నారు. పొయ్యి బుస్సుమనే చప్పుడు ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆమె పొద్దంతా పని చేసి అలిసిపోయిన ఆడమనిషి, అంతకంటే ఏమీ కాదు.

వాళ్లు రెండోదాన్ని ఉంచారు. ఆ సినిమా ఆర్మూర్‌కు వచ్చినప్పుడు సెలవు మీద ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా పోయి చూశాను. ఆ పాల సీను రాగానే హాలంతా బిగుసుకుపోయింది. నా వెనక కూర్చున్న ఒకావిడ, "ఇది మంచిది గాదు. దీని మొహంలనే ఉంది" అంది. ఆ ముఖంలో ఏమీ లేదని నాకు తెలుసు. ఉన్నదంతా మా కమాను మొనల్లో ఉంది. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది.

తర్వాత కంప్యూటరులో అన్ని వాయిద్యాలూ దొరకడం మొదలైంది. అరవై మంది కూర్చునే హాలు అవసరం లేకుండా ఒక మనిషి, ఒక కీబోర్డు సరిపోయే రోజులు వచ్చాయి. నేను ఆర్మూర్‌కు తిరిగి వచ్చాను. పిల్లలకు కీబోర్డు, వయొలిన్ చెప్పుకుంటాను. ఆదివారం సంఘంలో వాయిస్తాను.

నాకు ఒక్కతే చెల్లెలు. పెర్కిట్‌లో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఆమె భర్తది కమ్మర్‌పల్లి. పసుపు, మక్క వేసే ఇల్లు. పెళ్లయ్యాక అతను చెల్లెలితో పాటు మా సంఘానికి వచ్చేవాడు. వెనక బల్ల మీద కూర్చుని నేను వాయించేటప్పుడు వేళ్లతో తాళం వేసేవాడు. అతని తల్లి, అన్న వాళ్ల దేవుళ్లను వాళ్లు కొలుచుకున్నారు. దాని మీద ఎన్నడూ గొడవ రాలేదు. అన్నదమ్ములిద్దరూ గల్ఫ్‌లోనే, వేరువేరు ఊళ్లలో పనిచేసేవారు. అన్నకు పిల్లలు లేరు. తమ్మునికి ఒక్క బిడ్డ. ఇప్పుడిప్పుడే బడికి పోతోంది.

పోయిన చలికాలంలో కబురు వచ్చింది. రూములో పడుకున్న చెల్లెలి భర్త తెల్లారి లేవలేదట. గుండె ఆగిందన్నారు. కాగితాల పనులు పూర్తయి శవపెట్టె రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ చెల్లెలు చేట ముందు కూర్చుని బీడీలు చుడుతూనే ఉంది. ఎవరైనా పోయి కూర్చుంటే తంబాకు చేయి కడుక్కుని ప్రార్థన చేద్దామనేది.

పెట్టె కమ్మర్‌పల్లికి వచ్చేసరికి పసుపు ఉడకబెట్టే కాలం. ఊరి చుట్టూ పొలాల్లో ఆవిర్లు లేస్తున్నాయి. అంబులెన్సు ఆ ఆవిర్ల మధ్య నుంచి వచ్చింది. వాళ్ల ఇంట్లోనూ పూడ్చే ఆచారమే కాబట్టి, మా సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయడానికి అతని తల్లి ఒప్పుకుంది.

అక్కడ రెండు పద్ధతులు ఒకచోట కలిశాయి. వాళ్ల ఆడవాళ్లు శోకం తీస్తారు. చచ్చినవాని గుణాలన్నీ చెప్పుకుంటూ, రొమ్ము కొట్టుకుంటూ ఏడుస్తారు. అది బూటకం కాదు, లోపలి నుంచి వచ్చేదే. మాకు మాత్రం చిన్నప్పటి నుంచి వేరుగా నేర్పారు. మళ్లీ కలుసుకుంటామనే నమ్మకం ఉన్నవాళ్లు ఆ నమ్మకం లేనట్టు పొర్లి ఏడవకూడదు, పాడాలి. మా అమ్మ పోయినప్పుడు చెల్లెలు పెట్టె పక్కన నిలబడి చివరి చరణం దాకా పాడింది, తర్వాత పోయి జ్వరంతో పడింది. ఈ సంగతి మాకు తెలుసు. కమ్మర్‌పల్లి వాళ్లకు తెలియదు.

మా వైపు గల్ఫ్ నుంచి పెట్టె వస్తే వీడియో తీసేవాడు కూడా వస్తాడు. సెలవు దొరకని అన్నదమ్ములు, రూములో కలిసి ఉన్నవాళ్లు చూడాలి కదా. ఫోనులో చూపిద్దామంటే పొలాల్లో సిగ్నల్ నిలవదు. అందుకని తీసి, మిక్సింగ్ చేసి పంపుతారు. ఆ రోజు వచ్చిన ఆయన ఆర్మూర్‌లో స్టూడియో నడుపుతాడు. పెళ్లిళ్లు, చీరల ఫంక్షన్లు, చావులు అన్నీ తీస్తాడు. మంచివాడు. గల్ఫ్ చావులకు పైసలు నోటితో అడగడు, ఇచ్చింది తీసుకుంటాడు.

మూత విప్పేటప్పుడు నేను పెట్టె కాళ్ల వైపు, పాడేవాళ్లతో నిలబడి ఉన్నాను. ప్రార్థన మొదలైంది కాబట్టి కళ్లు మూసుకున్నాను. చెల్లెలు తల వైపు ఉంది. ఆమె ముఖం నేను చూడలేదు.

వీడియో వచ్చింది. మా కంటే ముందు గల్ఫ్‌కు పోయింది. అక్కడి రూముల్లో చూశారు, అతని అన్న చూశాడు, తర్వాత కమ్మర్‌పల్లిలో ఫోను నుంచి ఫోనుకు పాకింది. మా దాకా వచ్చేసరికి మాట కూడా దానితో పాటే వచ్చింది. మొగుడు చచ్చి పెట్టెలో పండుకుంటే నవ్వుతోందట.

ఆ మాట వచ్చిన మరునాడే చెల్లెలి అత్త ఒక బంధువును వెంటబెట్టుకుని ఆటోలో పెర్కిట్‌కు వచ్చింది. చెల్లెలు ఒంటరిగా ఉంది. పిల్ల బట్టలు ఒక సంచిలో సర్దుకున్నారు. అన్న సెలవు మీద వచ్చేదాకా పిల్ల తమ దగ్గరే ఉంటుందని, వచ్చాక అతను తన బిడ్డగా పెంచుకుంటాడని చెప్పారు. చెల్లెలు వాకిట్లో అడ్డం నిలబడితే అత్త ఒక్క మాట అందట: "నా కొడుకు మీద మన్ను పోయకముందే నవ్వినదానికాడ నా కొడుకు బిడ్డను ఎట్ల ఇడిసిపెట్టాలె?" చుట్టుపక్కల వాళ్లు గుమిగూడారు. వాళ్లలో వీడియో చూడనివాళ్లు లేరు. పిల్ల ఆటోలో నుంచి చెయ్యి ఊపింది, సెలవులకు ఊరికి పోతున్నట్టు.

నేను పోయేసరికి చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఫోను నా చేతిలో పెట్టి, "నేను నవ్విన్నా, అన్నా? నాకు ఎరుక లేదు. మూత తీసిన సంది నాకేం యాదికి లేదు" అంది.

చూశాను. మొదట గులాబీ రేకులు రాలుతాయి, పేరు వస్తుంది. అంబులెన్సు తలుపు తెరుచుకునేటప్పుడు పెద్ద డప్పు మోత, దాని మీద వయొలిన్లు లేస్తాయి. అసలు చప్పుడు ఒక్కటీ లేదు, అంతా సంగీతమే. తల్లి పెట్టె మీద పడుతుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది, ఏడుపుకు బదులు వయొలిన్లు వస్తాయి. చూసేవాని గుండె అక్కడ పిండినట్టవుతుంది. ఆ తర్వాత కెమెరా పక్కకు తిరిగి చెల్లెలి ముఖం మీదికి పోతుంది. తెర నిండా ముఖం. కళ్లు పొడిగా ఉన్నాయి. పెదవుల చివర్లు కొంచెం పైకి లేచి ఉన్నాయి. చూపు పెట్టె మీద లేదు, కిందికి, తన ముందుకు ఎక్కడికో ఉంది. సరిగ్గా అక్కడే సంగీతం మారింది. పై వయొలిన్లు ఆగిపోయి చెల్లోలు కింది స్వరం పట్టి మోగాయి. వాటి మీద కమాను మొనతో వణికించే ఆ సన్నటి చప్పుడు.

కళ్లు మూసుకుని మళ్లీ విన్నాను. పాలు కాగుతున్న పొయ్యి ముందు నిలబడ్డ ఆ ఇల్లాలు నాకు కనిపించింది.

స్టూడియో ఆయన దగ్గరికి పోయాను. నన్ను చూడగానే కుర్చీ వేశాడు. సంగతి అప్పటికే అతని దాకా వచ్చింది, బాధపడుతున్నాడు. "నేను కావాలని పెట్టలే అన్నా. అన్ని సావులకు గదే ట్రాక్. మస్తు పెద్ద ఆర్కెస్ట్రా, బయటి దేశంది. సచ్చినాయినకు ఇజ్జత్ ఉంటదని పెట్టిన. ఒరిజినల్ సప్పుడు తీసేస్తం, జనరేటరు మోతకు ఏం ఇనబడది" అన్నాడు. ట్రాక్ ఎక్కడ మారితే అక్కడ ఎవరి ముఖం ఉందో అతను చూసుకోలేదు. అందరి చావులకూ ఒకే సంగీతం పరిచే అలవాటు. ఇన్నాళ్లూ ఆ మలుపు ఏ చెట్టు మీదో, గుంపు మీదో పడి ఉంటుంది. ఈసారి నా చెల్లెలి మీద పడింది. తీసింది తీసినట్టు మొత్తం ఒక పెన్ డ్రైవులో వేసి ఇచ్చాడు.

నాకు వచ్చిన పని ఒక్కటే. ఇంటికి పోయి ఆ బొమ్మకు నేనే సంగీతం కూర్చాను. చాలామంది ఏడుపు సీనుకు వయొలిన్ల గుంపును తెచ్చి పెడతారు. నేను ఒక్క వయొలిన్ పెట్టాను, కింది తీగ మీద, వణుకు లేకుండా. ముఖం వచ్చాక మొదలుపెడితే చూసేవానికి నేర్పుతున్నట్టు ఉంటుంది. అందుకని తల్లి ఏడుస్తుండగానే దాన్ని సన్నగా మొదలుపెట్టి, ముఖం వచ్చేసరికి అప్పటికే అక్కడ ఉండేటట్టు చూశాను. ముఖం పోకముందే ఆపేశాను. మొదటి నుంచి నడిపి చూసుకున్నాను. ఆ పెదవుల మీది నవ్వు మారిపోయింది. గుండె పగులుతుంటే పళ్ల బిగువున ఆపుకుంటున్న ఆడదాని ముఖం అది. నా భార్య వంటింట్లో నుంచి తడి చేతులతో వచ్చి నా వెనక నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఇది చాలనుకున్నాను. ఇది చూస్తే గల్ఫ్‌లో ఉన్న ఆ అన్న, పిల్లను తిరిగి పంపిస్తాడు.

పంపేముందు చెల్లెలికి చూపించాను. పెట్టె వచ్చిన దగ్గర నుంచి ఆమె కంట నీరు నేను చూడలేదు. ఆ రోజు చూశాను. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దేవుడు ఈ వయొలిన్ నాకు ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలిసిందనుకున్నాను.

ఏడవడం అయ్యాక ముఖం తుడుచుకుని, "గిది పంపకన్నా" అంది.

ఎందుకని అడిగాను. "గిది ఇంటె నా మీద నాకే జాలైతంది. నేను గట్ల లేకుంటి. ఎట్లున్ననో ఎరుక లేదు గని, గట్లయితే లేకుంటి. ఇది దొంగసాక్ష్యం అయితది."

బిడ్డ వస్తుంది కదా అన్నాను.

"వాళ్లు గా వయొలిన్‌కు ఏడుస్తరన్నా, నాకు గాదు. రేపు ఇంకోడు ఇంకో సప్పుడు పెడ్తడు. మల్ల నన్ను ఇంకో తీరుగ అంటరు."

నాకు కోపం వచ్చింది. పిల్ల పోయిన ఇంట్లో కూర్చుని బైబిలు వాక్యం మాట్లాడుతోందేమిటి అనుకున్నాను. కాని మా ఇద్దరికీ ఆ వాక్యం నేర్పింది ఒక్క అమ్మే. నేను కూర్చిన సంగీతాన్ని ఆమె ఎదుటే తీసేశాను.

మిగిలింది అసలు చప్పుడు. స్టూడియో ఆయన పనికిరాదని పారేసినది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా విన్నాను. జనరేటరు మోత. అంబులెన్సు వెనక్కి తిరుగుతూ కూత పెడుతోంది. ఎవరో స్క్రూడ్రైవర్ తెండని కేక వేస్తున్నారు. మూత లేచినప్పుడు చెక్క కిర్రుమంది. తల్లి శోకం. వయొలిన్ల కింద ఇన్నాళ్లూ వినపడని ఆ ముసలామె మాటలు ఇప్పుడు వినపడ్డాయి. మొక్కజొన్న కంకి కాల్చి దాచిపెట్టిన కథ చెబుతోంది కొడుకుకు. దూరంగా మేము పాడుతున్నాము. నా గొంతు నాకే వినపడింది. తర్వాత కెమెరా జనాన్ని తోసుకుని చెల్లెలి దగ్గరికి పోయింది. అక్కడ, అన్ని చప్పుళ్ల కింద, గుసగుసగా ఒక మాట నడుస్తోంది. కెమెరా మైకు ఆమె నోటికి దగ్గరగా ఉండబట్టి దొరికింది.

"నా దిక్కే జూడు బిడ్డా. గటు జూడకు. అమ్మ మొహం జూడు. నేను నవ్వుతున్న జూడు. నవ్వు, నువ్వు గూడ నవ్వు. నా దిక్కే, నా దిక్కే."

బొమ్మను ఆపి చూశాను. ముఖం కింద, తెర అంచున నల్లగా ఉన్నది ఎవరి శాలువో అనుకున్నాను ఇన్నాళ్లూ. రిబ్బను కట్టిన జుట్టు. పిల్ల ఆమె చంకలోనే ఉంది.

చెల్లెలిని పిలిచి వినిపించాను. ఈసారి ఏడవలేదు. "ఔ" అంది. "ఆయన మొహం మంచిగ లేకుండె అన్నా. మస్తు దినాలాయె గద. పిల్ల జూస్తే జడుసుకుంటదని..." అని ఆగిపోయింది.

దాన్ని సంగీతం ఏదీ లేకుండా, ఒక్క కోత కూడా వేయకుండా అన్నకు పంపించాను. చెల్లెలిని తీసుకుని కమ్మర్‌పల్లికి పోయాను. ముంగిట్లో ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. అత్త దాని మధ్య కూర్చుని కొమ్ములు తిరగేస్తోంది, చేతులు మోచేతుల దాకా పసుపు. పిల్ల బడికి పోయిందన్నారు. బంధువొకడు ఫోనులో అన్నను కలిపి, ఆ ఫోనును అరుగు మీద నిలబెట్టాడు. అన్న అప్పటికే విన్నాడు. అందరి ముందు మళ్లీ వినిపించాను. అత్త చేతులు ఆపి వింది. తన శోకం తనకే వినపడినప్పుడు తల దించుకుంది. చెల్లెలి గుసగుస వచ్చినప్పుడు ఆ బంధువు వినడానికి ముందుకు వంగాడు.

ఫోనులో అన్న కళ్లు తుడుచుకుంటూ, "బావా, గిది నాకు ముందుగాల ఎరుకుంటే" అని ఏదో చెప్పబోయాడు.

అత్త తల ఎత్తి నా వైపు చూసింది. కోపంగా కాదు, బేరం చూసే రైతు కొమ్మును విరిచి చూసినట్టు చూసింది.

"గిదంత నీ పనే గద, నాయినా. సినిమాలల్ల జేసినవు. ఏ మొహానికి ఏ సప్పుడు పెట్టాల్నో నీకు ఎరుకె. పాట పెట్టెటోనివి, మాట పెట్టలేవా?"

స్టూడియో ఆయన్ను అడగండి అన్నాను. వాడు మీ ఊరోడే అంది. ఫోనులో అన్న ముఖం నెమ్మదిగా మూసుకుపోవడం చూశాను. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు బావా అన్నాడు. మొదట వచ్చింది అసలు సినిమా లెక్క ఉంది, ఇది అతుకు పెట్టినట్టు ఉంది అన్నాడు. తాను సెలవు మీద వచ్చినాక చెబుతానన్నాడు. నా బతుకంతా చేసిన పనే నాకు ఎదురు నిలబడి ఉంది. నేను పెట్టలేని మాట అది అని వాళ్లతో ఎట్లా చెప్పాలి? ఎందుకంటే పెట్టగలను. పెట్టలేదు, అంతే. దానికి సాక్షి దేవుడొక్కడే, ఆయనను ఆ అరుగు మీదికి పిలిచి నిలబెట్టలేను.

చెల్లెలు పసుపు తొక్కకుండా చుట్టూ తిరిగి పోయి, అత్త కాళ్లు తాకి వచ్చింది. తిరుగు బస్సులో, అత్త కాళ్ల పసుపు అంటిన చెయ్యి వాసన చూసుకుంది.

ఆ తర్వాత నేను సంఘంలో ఒక పని మానేశాను. అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు కింద మెత్తగా కీబోర్డు వాయించడం మా దగ్గర అలవాటు. జనం ఏడుస్తారు. ఇన్నేళ్లు అది ఆత్మ కదిలించడమే అనుకున్నాను, ఇప్పటికీ అందులో ఆత్మ లేదని అనలేను. కాని ప్రార్థన మొదలు కాగానే చేతులు ఒళ్లో పెట్టుకుంటున్నాను. కొందరు కూడిక సల్లగయిందన్నారు. అయ్యగారు నన్ను పక్కకు పిలిచి అడిగితే సంగతంతా చెప్పాను. ఆయన, "వయొలిన్ల పాపం లేదు. గని నువ్వు ఆగితే ఎవరు ఏడుస్తున్నరో నాక్కూడ జూడాలనుంది. జర ఆగు" అన్నారు. మొదటి వారం ఎవరూ ఏడవలేదు. రెండో వారం వెనక బల్ల నుంచి ఒక ముసలాయన ఏడుపు వినపడింది. అది వినడానికి అందంగా లేదు.

చెల్లెలు వారానికొకసారి కమ్మర్‌పల్లికి పోయి పిల్లను చూసి వస్తుంది. లోపలికి రమ్మంటారు, నీళ్లు ఇస్తారు. పంపమని అడిగితే అన్న రానీ అంటారు. మొన్న నేనూ వెంట పోయాను. చెల్లెలు పిల్ల బట్టలు ఉతకడానికి నల్లా దగ్గరికి పోయింది. రేకుల షెడ్డు కింద పిల్ల ఒక్కతే కూర్చుని నాయనమ్మ ఫోను చూస్తోంది. ఆ మొదటి వీడియోనే. ఇంటికి ఎవరు వచ్చినా చూపిస్తారట, దానికి ఎక్కడ నొక్కాలో తెలుసు. గులాబీ రేకులు, డప్పు మోత, వయొలిన్లు. నేను దాని వెనక నిలబడ్డాను. నాయనమ్మ పెట్టె మీద పడ్డాక, కెమెరా పక్కకు తిరగబోతుండగా, పిల్ల తన బొటనవేలిని ఫోను కింది అంచున, చప్పుడు వచ్చే చిన్న తూట్ల మీద గట్టిగా నొక్కిపెట్టింది. చెల్లోలు దోమ రొదలా సన్నబడిపోయాయి. తెర నిండా తల్లి ముఖం. పిల్ల దాన్ని చూసి పెదవుల చివర్లు కొంచెం పైకి లేపింది. ముఖం దాటిపోయాక వేలు తీసింది.

"ఎందుకు మూస్తున్నవ్ బిడ్డా?" అన్నాను.

"గా సప్పుడొస్తే అమ్మ వేరేదయితది మామా" అంది తల ఎత్తకుండా. "మూస్తే మా అమ్మనే."

షెడ్డు అవతల నాయనమ్మ ఎండిన పసుపు సంచికెత్తుతోంది. ఆమె వినే ఉంటుంది. చేతులు ఆగాయి. మా వైపు తిరుగుతుందేమో అనుకున్నాను. తిరగలేదు. కాసేపటికి కొమ్ములు సంచిలో పడే చప్పుడు మళ్లీ మొదలైంది.

వానకాలంలో అన్న సెలవు మీద వస్తున్నాడు. పిల్ల ఎక్కడ పెరగాలో అతను వచ్చాక తేలుస్తారు. అతని దగ్గర రెండు వీడియోలూ ఉన్నాయి. వాటిలో దేన్ని నమ్ముతాడో నాకు తెలియదు. నా చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

దీన్ని ఇంతదాకా చదివిన మీరు ఎవరైనా సరే, ఏ దేవుని ఇంట్లో మోకాళ్లు వంచేవారైనా సరే, నాతో పాటు ఒక్క మాట అడగండి. ఆ ముసలితల్లికి కొడుకు లేని కడుపుకోత చల్లారాలని అడగండి. ఎడారిలో ఉన్న ఆ అన్నకు వినే చెవి ఇవ్వమని అడగండి. ఆ పిల్ల వేలు పెట్టి మూయకుండానే తన తల్లిని చూసుకునే రోజు రావాలని అడగండి. పాడకండి, ఏదీ వాయించకండి. మీరు ఉన్న చోట ఏ చప్పుడు ఉంటే ఆ చప్పుడులోనే, గుసగుసగా అడగండి. ఆయన వింటాడు.